గవ్వ: ప్రాణియు, పైకమును

(గ్రంథాలయ రజతోత్సవ సభలోని ప్రసంగ పాఠము)



చేతిలో డబ్బు లేదని చెప్పవలసి వచ్చినప్పుడు తెలుగువాడు రూపాయిని తలచుకొనడు, పైసాను తలచుకొనడు. చిల్లిగవ్వ యైనను లేదనును. ఒక వస్తువు ఎందుకును కొరగాదని చెప్పుటకు గుడ్డిగవ్వ చేయదనును. గవ్వతో సరుకు కొని, గవ్వతో పన్ను కట్టిన కాలము గతించినను ఆ కాలపు మాట మాత్రము నాలుకను విడువలేదు. ఆ గవ్వ ఎచ్చట పుట్టినది, దానిలో కాపురమున్న ప్రాణి యెట్టిది, అది నాణెమై ఎన్ని దేశములు తిరిగినది, ఆ తిరుగుటలో ఎవరి నోట మన్ను కొట్టినది అను సంగతులు ఆ మాట వాడువారిలో కొద్దిమందికే తెలియును.

గవ్వలలో రెండు వందలకు మించిన జాతులు కలవు. పిడికిలంత పెరిగి, వీపు నిండ మచ్చలతో అలరారునవి కొన్ని. వానిని అల్మారులలో అలంకారముగా నుంచుకొనువారు కలరు. ఇచ్చటి ప్రస్తావన వానిని గూర్చినది కాదు. చిన్న జాతులలో నొకటియగు డబ్బుగవ్వను గూర్చినది. 1758లో స్వీడను దేశపు శాస్త్రజ్ఞుడు లిన్నేయసు దీనికి సిప్రియా మొనేటా అని నామకరణము చేసెను. నేటి గ్రంథములలో దీని పేరు మొనెటారియా మొనేటా. మొనేటా యనగా లాటిను భాషలో నాణెము. శాస్త్రజ్ఞుడు పేరు పెట్టునాటికే అది ప్రాణిగా గాక పైకముగానే లోకమునకు పరిచితమై యుండెనన్నమాట.

దీని పొడవు సాధారణముగా రెండు మూడు సెంటీమీటర్లను మించదు. రంగు పాలతెలుపు మొదలు పసుపు వరకు మారుచుండును. అంచులు కొంత ఉబ్బి, మూలలు తేలి యుండును. అడుగు ప్రక్క నిలువునా సన్నని చీలిక, ఆ చీలిక కిరువైపుల పండ్లు. ఆఫ్రికా తూర్పు తీరము మొదలు పసిఫిక్ మహాసముద్రపు దీవుల వరకు, వెచ్చని నీటిలో, పగడపు దిబ్బల మీదను, లోతు తక్కువైన చోట్ల రాళ్ల సందులలోను ఇది నివసించును. కృష్ణా గోదావరుల ఒండ్రుమట్టి చేరిన మన డెల్టా తీరము పగడపు దిబ్బలకు తావు కాదు. కనుక తెలుగు దేశమున తరతరములుగా వాడుకలోనున్న గవ్వ చాల మట్టుకు పరదేశి యనియే చెప్పవలెను.

గవ్వ పిల్లప్రాయమున గవ్వవలె నుండదు. దాని గుల్ల పలుచనై, నోరు వెడల్పై, చుట్టలు పైకి కనబడుచు, వానకాలమున పెరటిగోడ నెక్కు నత్తకు దగ్గరి చుట్టమువలె తోచును. యుక్తవయస్సు రాగానే గుల్ల పెదవి లోనికి ముడుచుకొనును. ముడిచిన అంచు మీద పండ్లు ఏర్పడును. అటుపిమ్మట గుల్ల పొడవు పెరుగుట ఆగిపోవును. మందము మాత్రము పూతపై పూతగా హెచ్చుచుండును. అయితే ఇల్లు పెరుగదు, లోపలి గోడలు అడ్డమగును. అప్పుడా ప్రాణి తన లోపలి గోడలను తానే కరగించి చోటు చేసికొనును! స్థలము చాలని గృహస్థు రెండు గదుల నడిమి గోడ తీసివేయు ఉపాయము గవ్వకు మనకంటె చాల ముందుగనే తెలిసియుండెను.

గవ్వ నునుపునకు కారణము ఆశ్చర్యకరమైనది. శంఖమును చూడుడు, నత్తగుల్లను చూడుడు. వెలుపల గరుకుగా నుండి నాచు పట్టియుండును. గవ్వ అట్లుండదు. దాని దేహమునుండి రెండు పలుచని చర్మపు మడతలు చీలికలోనుండి వెలువడి, రెండు ప్రక్కలనుండి పైకి ప్రాకి, వీపు మీద కలిసికొనును. బ్రతికియున్న గవ్వ తన యింటి లోపలనే కాక వెలుపలను తానే యుండునని చెప్పవచ్చును. ఆ చర్మమే గుల్లకు పూత పూయును, మురికి చేరనీయదు. బెదరినప్పుడు మడతలు లోనికి లాగుకొనగా తళతళలాడు వీపు బయటపడును. పెక్కు సముద్రపు నత్తలకు గుమ్మమునకు మూతవంటి బిళ్ల యుండును, గవ్వకు లేదు. పండ్లతో నిండిన ఆ ఇరుకు చీలికయే దానికి తలుపు.

పగలు రాతి క్రింద దాగి, రాత్రివేళ వెలువడి, రాళ్లకు అంటిన నాచును గీరుకొని తినుట దాని వృత్తి. ఆడుది గ్రుడ్లను సంచులుగా పెట్టి, కోడి పొదిగినట్లు వానిపై కూర్చుండి కాపాడును. వెలువడిన పిల్లలు కంటికి కానరానంత చిన్నవై ప్రవాహములలో కొట్టుకొనిపోయి దూరపు దిబ్బలను చేరును. ఎవరికిని హాని చేయని, ఎవరితోను జోలి లేని ఈ అల్పజీవి మనుష్యుల లెక్కలలో చిక్కుకొనుట విధివిలాసమే యనవలెను.

ఈ గవ్వలకు పుట్టినిల్లుగా పేరొందినది మాల్దీవుల ద్వీపసమూహము. పదియవ శతాబ్దమునాటి అరబ్బు రచయిత మసూదీ యొక సంగతి వ్రాసెను. ఆ దీవుల రాణి ఖజానాలో గవ్వలు తరిగినప్పుడు కొబ్బరి మట్టలు నరికి సముద్రముపై వేయించెడిదట. గవ్వలు వానిని పట్టుకొనగా ఒడ్డునకు లాగి, ఇసుకపై ఎండబెట్టి, ప్రాణి నశించిన పిమ్మట గుల్లలను ఖజానాకు చేర్చెడివారట. టంకశాల లేదు, కమ్మరి లేడు. కొబ్బరి మట్టయే ఆ రాజ్యమునకు టంకశాల! 1602లో ఓడ పగిలి ఆ దీవులలో చిక్కి 1607 వరకు నిలిచిపోయిన పిరార్ అను ఫ్రెంచివాడు, అమావాస్య పూర్ణిమలకు ముందు మూడు దినములు, వెనుక మూడు దినములు స్త్రీలు నడుములోతు నీటిలో దిగి గవ్వలు ఏరుదురని వ్రాసెను. ఏరిన గవ్వలను గోతులలో పూడ్చి, మాంసము క్రుళ్లి పోయిన తరువాత కడిగి, 12,000 చొప్పున కొబ్బరాకు బుట్టలలో కట్టి, వంగదేశమునకు ఎగుమతి చేసెడివారు. మాల్దీవులలో వరి పండదు. వంగదేశమున గవ్వ దొరకదు. గవ్వ పోయి బియ్యము వచ్చుట ఆ రెంటి నడుమ శతాబ్దముల తరబడి నడచిన వ్యవహారము.

వెండి బంగారములుండగా గవ్వ యేల అని అడుగవచ్చును. పేదవాడు అంగడికి పోయి కొనునది గుప్పెడు ఉప్పు, నాలుగు మిరపకాయలు. అంత చిన్న బేరమునకు సరిపోవు వెండి ముక్క కంటికి ఆనదు, చేతిలో నిలువదు. గవ్వ చెడదు, త్రుప్పు పట్టదు, ఎలుక కొట్టదు. అన్నిటికిని మించినది దొంగగవ్వను చేయుట అసాధ్యము. రాజముద్ర వేసిన నాణెమునకు కూట నాణెము పుట్టినది కాని గవ్వకు పుట్టలేదు. లెక్కించవచ్చును, తూచవచ్చును, కుంచములతో కొలవనువచ్చును.

సంస్కృతమున దీనికి కపర్దిక, వరాటకము అని పేర్లు. గవ్వ చుట్టవలె ముడిచిన జటలు గలవాడు గనుక శివునకు కపర్ది యను నామము కలిగినది. 1150లో భాస్కరాచార్యుడు రచించిన లీలావతిలో నాణెముల కొలత గవ్వతోనే ఆరంభమగును. 20 వరాటకములు ఒక కాకిణి, 4 కాకిణులు ఒక పణము, 16 పణములు ఒక ద్రమ్మము. అనగా పణమునకు 80 గవ్వలు, ద్రమ్మమునకు 1,280. ఆరు వందల సంవత్సరముల అనంతరము వంగదేశపు బజారులో వాడుకలోనున్న లెక్క చూడుడు: 4 గవ్వలు ఒక గండ, 20 గండలు ఒక పణము, 16 పణములు ఒక కహణము, 4 కహణములు ఒక రూపాయి. పణమునకు అవే 80, కహణమునకు అవే 1,280! రాజ్యములు మారినవి, మతములు మారినవి, భాషలు మారినవి. ఉప్పు కొనువాని లెక్క మారలేదు. ఈ లెక్క చొప్పున రూపాయికి 5,120 గవ్వలు. తూచినచో ఐదు కిలోలకు పైబడును.

1778 ప్రాంతమున సిల్హెట్టునకు కంపెనీ అధికారిగా వచ్చిన రాబర్ట్ లిండ్సే అను వానికి ఈ బరువు నెత్తిన పడినది. ఆ జిల్లా శిస్తు సాలునకు రెండున్నర లక్షల రూపాయలు. రైతులు దానిని యావత్తు గవ్వలలోనే చెల్లించెడివారు. హెచ్చవేసినచో 128 కోట్ల గవ్వలు. వానిని దాచుటకు కొట్లు కట్టవలసివచ్చెను. ఢాకాకు చేర్చుటకు పడవల వరుస నడుపవలసివచ్చెను. దారి దొంగతనములు గాక నూటికి పదివంతులు నష్టము తగిలెనని ఆయనయే వ్రాసికొనెను. లిండ్సే స్మృతులు చదువువారికి ఇది నవ్వు తెప్పించు ఘట్టము. దొరకు అది తలనొప్పి మాత్రమే. ఒడిస్సాలో జరిగినది నవ్వుటకు తగినది కాదు.

1803లో కంపెనీవారు మహారాష్ట్రులనుండి ఒడిస్సాను గెలుచుకొనిరి. ఆ దేశమున రైతు చేతిలో ఆడునది గవ్వయే. రూపాయికి నాలుగు కహణములన్నది వాడుక లెక్క. కొద్ది సంవత్సరములకే క్రొత్త ప్రభుత్వము శిస్తు వెండి రూపాయలలోనే కట్టవలెనని శాసించినది. పండిన పంట అదే, చెమటోడ్చిన పొలము అదే. కాని గవ్వలు చేతబట్టుకొని రైతు షరాబు వద్దకు పోయి రూపాయిని కొనవలసిన గతి పట్టెను. ఊరంతయు ఒక్కసారి రూపాయికై పోవునప్పుడు రూపాయి ప్రియమగునని, గవ్వ చౌకయగునని వేరుగ చెప్పనక్కరలేదు. పూర్వము నాలుగు కహణములకు వచ్చు రూపాయికి అంతకు మించి పోయవలసివచ్చెను. కాగితముపై శిస్తు పెరుగలేదు, పొలములో పెరిగినది. దానికి తోడు ఉప్పు కంపెనీ గుత్తయై దాని ధర మండిపోయెను. పైకులను సైనికుల మాన్యములు పోయినవి. 1817 మార్చిలో ఖుర్దా ప్రాంతమున బక్షీ జగబంధు నాయకత్వమున పైకులు తిరుగబడిరి. మదరాసు రాజధానిలోని గంజాము జిల్లాకు చెందిన ఘుముసరమునుండి కొండలు దిగివచ్చిన కంధులు వారితో చేరిరి. ఆ తిరుగుబాటునకు కారణములు పెక్కు. మాన్యముల హరణమే ప్రధానమని కొందరందురు. అయినను గవ్వను శిస్తు లెక్కనుండి త్రోసివేయుట ఆ కారణములలో నొకటియని ఆనాటి విచారణలోను, తరువాతి చరిత్రలలోను వ్రాయబడి యున్నది. నాణెము మార్చుట దొరతనమువారికి ఒక్క కాగితముతో తీరు పని. దాని భారము గవ్వలు తప్ప వేరు ధనము లేనివానిపై పడెను.

ఇక పడమటి దిక్కునకు పోయిన గవ్వల చరిత్ర. మొరాకో దేశపు యాత్రికుడు ఇబ్న్ బతూతా 1343-44లో మాల్దీవులలో న్యాయాధికారిగా నుండెను. అచ్చట ఒక బంగారు దీనారమునకు సామాన్యముగా 4 లక్షల గవ్వలు వచ్చునని, చౌక రోజులలో 12 లక్షల వరకు వచ్చునని వ్రాసెను. తరువాత 1352-53లో పశ్చిమ ఆఫ్రికాకు పోయి, మాలీ రాజ్యమునను, గావో నగరమునను అవే గవ్వలు దీనారమునకు 1,150 చొప్పున చెల్లుటను కన్నులార చూచెను. పుట్టినచోట 4 లక్షలు, చేరినచోట 1,150! దాదాపు 350 రెట్లు. ఎడారి దాటి ఒంటెలపై పోవు గవ్వ కంత వెల కలిగినప్పుడు, ఓడలు గలవారు చూచి ఊరకుందురా?

పోర్చుగీసువారు ఆరంభించిరి, డచ్చివారు, ఇంగ్లీషువారు విస్తరింపజేసిరి. హిందూ మహాసముద్రమునుండి గవ్వలు ఓడ అడుగున బరువుగా ఆమ్‌స్టర్‌డామునకు, లండనుకు చేరెడివి. అచ్చట వేలమున అమ్ముడుపోయి, మరల ఓడలెక్కి పశ్చిమ ఆఫ్రికా తీరమునకు పోయెడివి. ఆ తీరమున గవ్వలు దింపుకొని ఆ ఓడలలో ఎక్కించినది మనుష్యులను. 18వ శతాబ్దమున డచ్చివారును ఇంగ్లీషువారును ఈ విధముగా దింపిన గవ్వలు వేయి కోట్లకు మించునని చరిత్రకారులు ఓడల పద్దులు తిరుగవేసి లెక్కగట్టిరి. దహోమీ రాజ్యపు రేవు ఉయిదా, నేటి బెనిన్ దేశములోనిది, ఈ వ్యాపారమునకు పెద్ద సంత. బానిస వెలలో తుపాకులు, గుడ్డలు, సారాయి మొదలగునవి కొంత, గవ్వలు కొంత. వేలతో ఆరంభమైన మనిషి వెల ఆ శతాబ్దము ముగియులోపల లక్ష గవ్వలు దాటినది.

ఆ దేశమున గవ్వ వీపున చిల్లి పొడిచి, 40 చొప్పున దారమునకు గ్రుచ్చి చెల్లించు ఆచారముండెను. మన భాషలో చిల్లిగవ్వ చెల్లని సొమ్ము. దహోమీలో చిల్లిగవ్వయే చెల్లుబడి సొమ్ము!

ఆ తీరపు జనులలో ఒక కథ తరతరములుగా చెప్పుకొనబడుచున్నది. గవ్వలు సముద్రములో ఊరక దొరకవట. బానిసను చంపి కళేబరమును నీటిలోనికి దింపిన, గవ్వలు దానిని తినవచ్చి అంటుకొనునట. పైకి లాగి ఏరుకొందురట. శాస్త్రము దృష్ట్యా ఇది పొల్లు మాట. గవ్వ నాచు తినునదే గాని మాంసము తినునది కాదు. ఆ గవ్వలు పుట్టినది వేల మైళ్ల యవతల మాల్దీవులలో. మసూదీ చెప్పిన కొబ్బరి మట్టకును, ఈ కళేబరమునకును ఎంత యంతరము! అయినను ఈ కథను మూఢవిశ్వాసమని త్రోసివేయుట తగదు. దానిని చెప్పుకొన్నవారికి గవ్వ యెచ్చట పుట్టినదో తెలియదు. తమ ఊరికి గవ్వలు వచ్చిన ప్రతిసారి ఎవరు కనబడకపోవుచుండిరో తెలియును. లండను వేలపు పద్దులలో గవ్వల బరువు, ధర ఉన్నవి. అక్కడ లేనిది ఈ కథలో ఉన్నది.

1807లో బ్రిటిషు పార్లమెంటు బానిసల వ్యాపారమును నిషేధించినది. గవ్వల దిగుమతి ఒకింత సన్నగిల్లి, తాళజాతి చెట్టు పండ్ల నూనె వర్తకము పెరుగుటతో మరల పుంజుకొన్నది. దానిని చంపినది నిషేధము కాదు, సమృద్ధి. 1845 మొదలు హాంబర్గు వర్తకులు జాంజిబారు తీరమున విస్తారముగా దొరకు వేరొక జాతి గవ్వను, వీపున బంగారు వన్నె వలయము గల దానిని, ఓడల కొలది పశ్చిమ ఆఫ్రికాలో క్రుమ్మరింపసాగిరి. ఇది మాల్దీవు గవ్వకంటె పెద్దది, చౌకది. ఏటేట గవ్వ విలువ దిగజారెను. తాతనాడు ఆవు వచ్చిన గవ్వలకు మనుమనినాడు కోడి రాని దుస్థితి కలిగినది. చివరకు మోసిన కూలికి మోసిన గవ్వలు చాలని దశ వచ్చెను. కుండల నిండ నింపి ఇంటినేలలో పాతిపెట్టుకొన్నవారు, కూతురి పెండ్లికని దాచుకొన్నవారు, ఏ తప్పు చేయకయే నిర్ధనులైరి. దొంగగవ్వను చేయుట అసాధ్యమని ముందు చెప్పబడినది. దొంగగవ్వ అక్కరలేకుండగనే నిజమైన గవ్వలతోనే దాని విలువను నాశనము చేయవచ్చునని జాంజిబారు ఓడలు నిరూపించినవి. 20వ శతాబ్ది ఆరంభమున వలస ప్రభుత్వములు గవ్వను పూర్తిగా తొలగించి తమ నాణెములను నిలిపినవి. ఘానా స్వతంత్రమైన పిదప 1965లో తన నాణెమునకు సీడీ యని పేరు పెట్టుకొనినది. ఆ దేశభాషలో గవ్వకు గల పేరునుండియే ఆ మాట వచ్చినది.

చీనాలో గవ్వ చరిత్ర ఇంకను ప్రాచీనము; అది వేరొక ప్రసంగమునకు తగినంత కలదు. ఒక్క ముక్క చాలును. కొనుట, అమ్ముట, సంపద మొదలగు అర్థములు గల వారి అక్షరములలో గవ్వ గుర్తు నేటికిని ఇమిడియున్నది. 1976లో త్రవ్విన షాంగు వంశపు రాణి ఫూ హావో సమాధిలో సుమారు 7,000 గవ్వలు బయల్పడినవి. ఐరోపా వారు పింగాణికి పెట్టిన పేరు సైతము గవ్వదే. ఆ పాత్రల నిగనిగ చూచి, గవ్వను పిలుచు ఇటాలియను మాటనే వానికి తగిలించిరి.

తెలుగునాట గవ్వ అంగడినుండి తొలగి ఇంటిలో నిలిచినది. అష్టాచెమ్మా ఆటలో నాలుగు గవ్వలు వెల్లకిల పడిన చెమ్మ, నాలుగును బోర్లపడిన అష్ట. పచ్చీసు, వైకుంఠపాళి గవ్వలతోనే సాగును. పిండివంటలలో గవ్వలు లేని పండుగ బుట్ట అరుదు. గీతల పలక మీద బొటనవ్రేలితో పిండిని ఒత్తి చుట్టునప్పుడు ఆ చేతికి తెలియకయే సముద్రపు ప్రాణి రూపము వచ్చును. వైద్యులు కపర్ద భస్మము చేయుదురు. గంగిరెద్దు మెడపట్టెడ యందు, రాయలసీమ గొరవయ్యల వేషమునందు, ఎల్లమ్మ కొలువునందు గవ్వలు కనబడును. లంబాడీ స్త్రీల రవికెల అంచులలోను, సంచుల కుచ్చులలోను వరుసలుగా కుట్టబడియుండును. వారి పూర్వులు ఎద్దులపై ధాన్యమును, ఉప్పును దేశదేశములకు త్రిప్పిన వర్తకులు. పాత కుట్టుపనిలోని గవ్వలలో కొన్ని ఒకనాడు ఉప్పు బేరమున చేతులు మారినవై యుండిన ఆశ్చర్యము లేదు.

ఇంటిలో పాతకాలపు గవ్వలున్నవారు వానిని వెలుతురులో పెట్టి పరీక్షింపవచ్చును. వీపు కొంచెము ఎగుడుదిగుడై, వెనుక భాగమున ప్రక్కలకు బొడిపెలు తేలి, పసుపు వన్నె గలది మాల్దీవుల డబ్బుగవ్వ. అంచులు నునుపై, బొడిపెలు లేక, వీపు చుట్టును సన్నని బంగారు గీత తిరిగియున్నది జాంజిబారునుండి ఓడలెక్కిన జాతికి చెందినది. వీపు అరిగి తెల్లబారినచో గీత కనబడకపోవచ్చును. అప్పుడు బొడిపెలను బట్టియే పోల్చుకొనవలెను.